మరకలాయన ఇంటి అల్లుడు

మరకలాయన అంటే మరకలు తీసే ఆయన. మందుల షాపుకీ, గొడుగులు బాగుచేసే అతని కొట్టుకీ మధ్య ఆయన డ్రైక్లీనింగ్ దుకాణం. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, ఆవిరి యంత్రం, బట్టల అరలు. వెనక గదిలో కాపురం. రెంటికీ మధ్య తలుపు ఉంది గానీ, ఏళ్ళ తరబడి ఆవిరి తాగి ఉబ్బిపోయి మూసుకోవడం మానేసింది.

సిరా, నెత్తురు, గుడ్డుసొన, తారు... ఒక్కో మరకకి ఆయన దగ్గర ఒక్కో మందు, ఒక్కో మర్యాద. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, బట్టని దీపం కింద పరిచి, నాడి చూసే వైద్యుడిలా వేలితో తడిమి, "టీ అన్నారు, ఇది కాఫీ కదండీ," అనేవాడు. బట్ట తెచ్చినవాళ్ళు తలవంచుకుని నిజం ఒప్పుకునేవాళ్ళు.

ఇంతటి విద్వాంసుడికి ఒకే ఒక్క లోపం, ముక్కు. జీవితమంతా ఘాటు ద్రావకాల మీద వంగి పనిచేయడంతో అది ఎప్పుడో రాజీనామా ఇచ్చేసింది. కళ్ళజోడు జారిపోకుండా ఆపడమే ఇప్పుడు దాని ఉద్యోగం. అన్నం మాడినా, పాలు విరిగినా భార్యే చెప్పేది. "వాసన రావడంలేదూ?" అని ఆవిడ కేకేస్తే, "నువ్వున్నావుగా వాసన చూడటానికి," అనేవాడు.

ఒకరోజు ఆవిడ్ని ఆసుపత్రిలో చేర్చారు. చిన్న ఆపరేషనే అన్నారు. సాయంత్రానికి లేచి కూర్చుంటుంది అన్నారు. ఆ సాయంత్రం ఇంతవరకూ రాలేదు.

ఆవిడ వదిలివెళ్ళినవి రెండు. మొదటిది నూలు శాలువా. ఊరందరి బట్టలూ ఉతికిన మనిషి దాన్ని మాత్రం ముట్టుకోలేదు. మూసుకోని ఆ తలుపు వెనక కొక్కేనికి, ఆవిడ తగిలించినది తగిలించినట్టే ఉంచాడు. అందులో ఆవిడ వాసన ఉంది. ఉందో లేదో ఆయనకి తెలిసే దారి లేదు కాబట్టి, ఆదివారం వచ్చినప్పుడు మరదలు చూసి చెప్పాలి. మరదలు బస్సు డిపోలో టికెట్ల గుమాస్తా. రోజంతా జనంతో తగువుపడే మనిషి, శాలువా చేతిలోకి తీసుకోగానే మెత్తబడేది.

"ఉందా?"

"ఉంది బావా."

"బాగా ఉందా?"

"కాస్త తగ్గింది. కానీ ఉంది. సబ్బూ, జ్వరం బిళ్ళా, అక్కా."

మళ్ళీ ఆదివారం దాకా ఆయన బతకడానికి ఆ మాట చాలు.

రెండోది పిల్లి. ఆసుపత్రికి వెళ్ళేముందు ద్రావకం డబ్బాల వెనక ఆవిడకి దొరికిన మగ కూన. రెండు రోజులు దాని వాలకం చూసి ఆవిడే పేరు పెట్టింది. "పనీ పాటా లేదు. వేళకి తిండి పడాలి. పెట్టింది నచ్చకపోతే మూతి తిప్పుకుంటాడు. ఇంట్లో మెత్తటి చోటు ఎక్కడుందో అక్కడే పడక. మనకి కూతురు లేకపోతేనేం, అల్లుడొచ్చాడు." పేరు పెట్టిన నోటితోనే ఇంకో మాట కూడా చెప్పింది. "అయిదో నెల రాగానే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించు. ఆలస్యం చేశావో, ఇల్లంతా తన పేర రాయించుకుంటాడు."

అయిదో నెల వచ్చింది. అల్లుడుగారు ఇంకా పసివాడని నిర్ణయం జరిగింది. ఆరో నెలలో వర్షాలు. ఆ తర్వాత అల్లుడుగారు ఒకసారి తుమ్మారు, దాన్ని మామగారు జలుబుగా ప్రకటించి విషయం నిరవధికంగా వాయిదా వేశారు.

"చిన్న ఆపరేషనే కదా బావా," అంది మరదలు.

ఆయన ఆవిరి యంత్రం మీట నొక్కాడు. ఆవిరి లేచి మొహం కనిపించకుండా పోయింది. చిన్న ఆపరేషన్ అన్న మాట ఆ ఇంట్లో ఎంత పెద్దదో ఆవిడకి అప్పుడు తట్టింది. మళ్ళీ ఎత్తలేదు.

ఈలోగా అల్లుడుగారికి దవడలు బలిశాయి, మెడ లావెక్కింది. ఒక పొద్దున ఇస్త్రీ బల్ల కాలికి వీపు పెట్టి నిలబడి, తోక నిటారుగా లేపి, దాని కొస వణికించి, ఆస్తి రిజిస్ట్రేషన్ ప్రారంభించాడు. మరకలాయన కళ్ళజోడు పైకి తోసి ఆ తడిని పరీక్షించాడు. కోపం రాలేదు. ఆయనకి అది తప్పు కాదు, మరక. మరకకి మందుంది. చెమట జాతి మరకలకి అమోనియా. తుడిచాడు. ఆనవాలు లేకుండా పోయింది.

మర్నాడు అల్లుడు అక్కడే ఇంకాస్త ఉదారంగా సంతకం పెట్టాడు. ఈయన ఇంకాస్త అమోనియా పోశాడు. అల్లుడు గుమ్మానికి పెట్టాడు, ఈయన గుమ్మం తుడిచాడు. మామా అల్లుళ్ళలో ఎవరూ తగ్గలేదు. కంటికి ఒక్క చుక్క కనిపించేది కాదు గనక, గెలుపు రోజూ తనదేనని మామగారి నమ్మకం.

వాడుకదార్లకి మాత్రం ముక్కులున్నాయి. అయితే ఇంటావిడ పోయిన మనిషితో వాసన గురించి మాట్లాడేదెలా? గుమ్మం బయటే గట్టిగా ఊపిరి పీల్చుకుని, లోపలికి వచ్చి, అది అయిపోయేలోగా మాట ముగించి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళంతా తొందర మనుషులైపోయారని ఆయన అనుకున్నాడు. రోజూ వచ్చి కూర్చుని భోంచేసే గొడుగులాయన తన కొట్లోనే తినడం మొదలుపెట్టాడు. నల్లకోటు పట్టుకెళ్ళిన ప్లీడరు మర్నాడే తిరిగొచ్చాడు.

"జడ్జిగారు నా వాదన మధ్యలో ఆపి కిటికీలు తీయించారండీ."

"కోటు మీద మరకేమైనా ఉందా?"

"మరక లేదు."

"ఇస్త్రీ?"

"అద్భుతంగా ఉంది."

"మరేమిటండీ?"

గంటలకొద్దీ వాదించగల ఆ నోరు కేసు వదిలేసుకుంది. "గాలి ఆడటం లేదు లెండి," అని కోటు తీసుకుని వెళ్ళాడు. ఆ వారంలో అరలు సగం ఖాళీ అయ్యాయి. నింపేవాళ్ళు రాలేదు.

డిపోలో డ్యూటీ మారడంతో మరదలు కొన్ని ఆదివారాలు రాలేకపోయింది. ఆఖరుకి వచ్చినప్పుడు గుమ్మంలోనే ఆగి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆయన అది గమనించలేదు. ఇన్నాళ్ళ ఆత్రంతో శాలువా తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఉందా?"

ఆవిడ మొహం దగ్గరికి తీసుకుని, వెంటనే దూరంగా పెట్టింది.

"బావా, దీన్నెక్కడ పెట్టావు?"

"ఎక్కడ పెడతాను? అక్కడే. ఏం, తగ్గిందా?"

"దీని మీద కూడా చేశాడు."

"ఆ, కింద అంచు కాస్త తడిగా కనిపించింది. అంతమేరకే అద్దాను. చూడు, మరక ఎక్కడైనా ఉందా?"

"దేంతో అద్దావు?"

"అమోనియాతో. నాకు తెలీదా?"

ఆవిడకి కళ్ళు మండి నీళ్ళు కారాయి. అందులో ఘాటుకి ఎంత వాటా, అక్కకి ఎంత వాటా అనేది తేల్చడం ఆయన విద్యకి కూడా అందదు.

"పైభాగంలో చూడు. మెడ దగ్గర. అక్కడుంటుంది."

చూసింది. ఉందనేయొచ్చు. ఇన్నాళ్ళూ తగ్గుతున్నదాన్ని కాస్త ఎక్కువ చేసే చెప్పింది. ఈసారి నోరు రాలేదు.

"లేదు బావా. అక్క లేదు."

ఆయన శాలువా తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, దీపం కింద చాలాసేపు చూశాడు. బల్ల మీద పడుకున్న అల్లుడు ఒక కన్ను తెరిచి మూశాడు.

"దుకాణమంతా ఇలాగే ఉందా?"

"ఉంది."

"ఎవరూ చెప్పలేదే!"

"ఎలా చెప్తారు బావా?"

మర్నాడు ఇద్దరూ పిల్లిని బట్టల బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు.

"ఏడాది నిండిందా? ఇన్నాళ్ళూ ఏం చేశారండీ?" అంది డాక్టరమ్మ.

"అల్లుడు కదండీ, మాట కదపడానికి మొహమాటపడ్డారు," అంది మరదలు.

డాక్టరమ్మ నవ్వలేదు. "నాలుగైదు నెలలప్పుడు, ఇది మొదలవకముందే చేయించాల్సింది. ఇప్పుడు చేస్తే కొన్ని వారాల్లో ఘాటు తగ్గుతుంది. అలవాటు కూడా చాలావాటికి పోతుంది, కొన్నిటికి ఉండిపోతుంది. చేసిన చోట దేంతో తుడుస్తున్నారు?"

"అమోనియాతో," అన్నాడాయన, వృత్తి గౌరవంతో కాస్త నిటారుగా నిలబడి.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "పిల్లి ముక్కుకి అదీ మూత్రంలాగే ఉంటుందండీ. ఇంకో పిల్లి వచ్చి తన చోటు ఆక్రమించిందనుకుంటాడు. మీరు తుడిచినప్పుడల్లా వాణ్ణి మళ్ళీ చెయ్యమని పిలుస్తున్నారన్నమాట. ఎంజైమ్ పొడి దొరుకుతుంది చూడండి, నెత్తురు మరకలకి వాడేది. అది నీళ్ళలో కలిపి నానబెట్టాలి."

"నా అలమరలోనే ఉంది," అన్నాడాయన. ఆ మాట ఎవరికీ సరిగ్గా వినపడలేదు.

డాక్టరమ్మ బుట్ట అందుకుంది. "చిన్న ఆపరేషనే. సాయంత్రానికి లేచి కూర్చుంటాడు."

మరదలు ఆయన మొహం చూడకుండా గోడ మీది ఫొటోలో ఉన్న కుక్కని చూసింది. ఆయన బల్ల మీద కూర్చున్నాడు. కాసేపు ఇంటికెళ్ళి వద్దామంటే వినలేదు. టీ తెస్తే తాగలేదు. లోపలి తలుపు తెరుచుకున్నప్పుడల్లా సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. క్రితంసారి ఆసుపత్రి నుంచి మధ్యలో దుకాణానికి వెళ్ళొచ్చాడు, ఎవరిదో సిల్కు చొక్కా అర్జెంటని.

పొద్దు వాలాక బుట్ట తెచ్చి ముందు పెట్టారు. అల్లుడు లేచి కూర్చుని ఉన్నాడు. తల తూలుతోంది, లోకం మీద పరమ అసహ్యంగా ఉంది, కానీ కూర్చున్నాడు.

"లేచి కూర్చున్నాడే," అన్నాడు మరకలాయన. సంతోషంగా మొదలైన మాట మధ్యలో దారి తప్పింది. బుట్ట అంచు పట్టుకుని, "వీడు లేచి కూర్చున్నాడమ్మా," అని మరదలితో మళ్ళీ అన్నాడు. ఆవిడ బుట్ట ఒక చేత్తో, ఆయన మోచెయ్యి ఒక చేత్తో పట్టుకుని బయటికి నడిపించింది.

ఆ వారమంతా పొడి కలిపిన నీళ్ళతో బల్ల కాళ్ళూ, గుమ్మాలూ, గోడలూ తుడిచాడు. శాలువా అన్నిటికంటే చివర. పొద్దున్నే తొట్టెలో వేసి, మునిగేదాకా అరచేత్తో నొక్కి పట్టుకున్నాడు. నానింది, జాడించాడు, ఎండలో ఆరింది. పనితనంలో ఏ లోటూ చేయలేదు. అంచుల దాకా ఇస్త్రీ చేసి, మడత పెట్టి, ఆదివారం మరదలి చేతికిచ్చాడు.

ఈసారి ఉందా అని అడగలేదు. ఆవిడే చెప్పింది.

"ఏ వాసనా లేదు బావా. వాడిదీ లేదు."

దుకాణం పెట్టిన నాటినుంచీ ప్రతి వాడుకదారు నోటా ఆయన వినాలని కోరుకున్న మాట అది. తల ఊపాడు. శాలువాని పలచటి కాగితంలో చుట్టి, దారం కట్టి, అలవాటు కొద్దీ ముందుగదిలో పైఅరలో పెట్టాడు. ఉతికి సిద్ధంగా ఉన్నవి, సొంతదారులు వచ్చి తీసుకెళ్ళాల్సినవి ఉండే అర అది. మరదలు దాన్ని అక్కడ చూసింది. తీసి లోపల పెట్టమని చెప్పలేదు.