టోపీ తీసి చెప్పిన నిజం

2022 ఆగస్టు. న్యూజెర్సీ దక్షిణాన ఉన్న పైన్ బ్యారెన్స్. ఎడిసన్ నుంచి గంటన్నర డ్రైవ్ చేస్తే షాపులూ ఆఫీసులూ అయిపోయి తెల్లటి ఇసుక నేల మొదలవుతుంది. కనుచూపు మేర మోకాలెత్తు హకల్‌బెర్రీ పొదలు, వాటి మధ్య నడుమెత్తు పైన్ చెట్లు. పంటకు పనికిరాదని పాతకాలపు వాళ్లు వదిలేసిన బీడు. నాకు మాత్రం బాగానే పండింది. పద్దెనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, లేఆఫ్ అయ్యాక అక్కడే టోపీ పెట్టుకుని వాకింగ్ గైడ్‌గా చేరాను.

మా పనిని ఇంటర్‌ప్రెటివ్ వాక్ అంటారు. జనాన్ని నడిపిస్తూ, కంటికి కనిపించేదాని వెనక ఉన్న చరిత్రనూ ప్రకృతినీ విప్పి చెప్పడం. నేను ఇంకాస్త ఎక్కువే విప్పేవాణ్ని. టెస్టింగ్‌లో ఉన్నన్నాళ్లూ ఉన్నదున్నట్టు రాసీ రాసీ నోరు ఎండిపోయింది మరి.

ఆ శనివారం మా తెలుగు చర్చి వాళ్లు పన్నెండు మంది వచ్చారు. వాళ్లతోపాటు, చెప్పాపెట్టకుండా, రేంజర్ లిండా కూడా. నా పర్మిట్ రెన్యూ చేయాలా వద్దా అని తేల్చే మనిషి. చేతిలో చెక్‌లిస్ట్. గైడ్ తప్పక చెప్పాల్సిన విషయాల జాబితా అది.

"నేను లేననుకో. రోజూ ఎలా చేస్తావో అలాగే తెలుగులో చెప్పు. నాకు మాత్రం వివరించకు" అంది. తర్వాత కరుణ సిస్టర్ వైపు తిరిగి, "ఇక్కడి చరిత్ర నాకు ఇంగ్లిష్‌లో చెబుతారా?" అని అడిగింది.

పన్నెండు మందిలో ఈవిడే దొరికిందా! కరుణ సిస్టర్‌ది చీరాల. చర్చిలో లెక్కలు ఆడిట్ చేసేది ఆవిడే. పుట్టినరోజు పార్టీలో కేక్ బాగుందా అని అడిగితే "తీపి ఎక్కువైంది" అని పిల్లల ముందే చెప్పగల మనిషి.

ఇనుప కార్ఖానా శిథిలాల దగ్గర ఆగాం. ఒక్క ఇటుక గోడ మిగిలింది. పన్నెండు జతల కళ్లు నా మీదే. అలవాటైన నోరు ఆగుతుందా?

"ఈ బురదలో ఇనుముండేది. ఆ నీళ్లు తాగీ తాగీ దోమల తొండాలు ఇనుపవైపోయాయి. వడ్రంగులు దోమ గోడ మీద వాలేదాకా కాచుకుని, తల మీద ఒక్క సుత్తి దెబ్బ వేసేవాళ్లు. మేకులు కొనే పనే లేదు."

జనం పొట్టలు పట్టుకున్నారు. నేను చెవి వెనక్కి పెట్టి విన్నాను. కరుణ సిస్టర్ పార్కింగ్ దగ్గర పార్కు వాళ్లు పంచిన కాగితం చూస్తూ చెబుతోంది: "ఇక్కడ బురద నుంచి ఇనుము తీసేవారు. తర్వాత కార్ఖానా మూతపడింది. జనం వెళ్లిపోయారు."

లిండా మొహం చిట్లించింది. "జనం వెళ్లిపోతే వీళ్లకు నవ్వెందుకు?"

"మేం కొంచెం సరదా మనుషులం మేడమ్" అంది కరుణ సిస్టర్.

టీ రంగు వాగు దగ్గరా అంతే. సుంకం ఎగ్గొట్టడానికి ఊరంతా టీ పొడి ఇందులో దాచిందని నేను, దేవదారు వేర్ల వల్లా ఇనుము వల్లా ఆ రంగని ఆవిడ. గండం గడిచిందనుకున్నాను.

పొట్టి చెట్ల దగ్గరికొచ్చాం. చెక్‌లిస్ట్‌లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇక్కడే. ఒక కాయ చేతిలోకి తీసుకున్నాను. "ఇవి పిల్ల చెట్లు కావు, ముదురువే. దీన్ని సెరోటినస్ కోన్ అంటారు. జిగురుతో మూసుకుని ఏళ్ల తరబడి కాచుకుంటుంది. అడవి తగలబడితేనే ఆ వేడికి విచ్చుకుని గింజలు రాలుస్తుంది."

ఎవరూ నవ్వలేదు. మా చర్చి డానియల్ గారు నా భుజం తట్టారు. "దోమలంటే సరే బ్రదర్. ఇది మాత్రం మరీ టూ మచ్."

వెనక్కి చూశాను. కరుణ సిస్టర్ నోరు మూసుకుని, కాగితం మడిచి బ్యాగ్‌లో పెట్టేసింది.

పార్కింగ్ చేరాక లిండా పెన్ను జాబితా చివర ఆగింది. "అంతా బాగుంది. కానీ నిప్పూ కాయల సంగతి వదిలేశావు. అది లేకుండా పాస్ చేయలేను."

"చెప్పాను! ప్రమాణం చేసి చెబుతున్నా!"

"మేడమ్," కరుణ సిస్టర్ నెమ్మదిగా అడిగింది, "ఆ కాయలు నిజంగా నిప్పుకే విచ్చుకుంటాయా?"

"అవును."

"అయితే ఈయన చెప్పాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

కరుణ సిస్టర్ నా వంక చూసింది, ఆకాశం వంక చూసింది. "అప్పటిదాకా ఈయన చెప్పిందాంట్లో ఒక్క ముక్కా నిజం లేదు మేడమ్. ఇదీ అంతేననుకున్నా. కాగితంలోనూ లేదు."

"మరి మీరు నాకు చెప్పినవి?"

"కాగితంలోవి. మీరు చరిత్ర అడిగారు. ఈయన ఏం కూశాడో అడగలేదు. నేను అబద్ధమాడను."

లిండా పెన్నుకు మూత పెట్టేసింది. నేను మళ్లీ రెజ్యుమే దులపాలా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు ఆవిడ అడిగింది: "మరి వాళ్లు అంత నవ్విందెందుకు?"

కరుణ సిస్టర్ దోమల కథ మొదలుపెట్టింది. తొండాల నుంచి సుత్తి దాకా ఒక్క మాట పోకుండా, ఆడిట్ రిపోర్ట్ చదివినట్టు, మొహంలో చిరునవ్వైనా లేకుండా. లిండా కారుకు ఆనుకుని నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. చెక్‌లిస్ట్ మీద సంతకం పెట్టి, కింద ఒక షరతు రాసింది: నిజం చెప్పేటప్పుడు గైడ్ టోపీ తీయాలి.

కోతలు కోసేవాడికి పెద్ద కష్టం అబద్ధం దొరికిపోవడం కాదు, నిజం చెల్లకపోవడం. ఆ రోజు ఒక కాయ నాకది నేర్పింది. అప్పటి నుంచి కాయల దగ్గర టోపీ తీసి నిలబడతాను. జనం వెంటనే చెవులు రిక్కిస్తారు. ఎండకు నా బట్టతల నల్లబడింది కూడా.

ఇది రాసేటప్పుడు టోపీ ఉందా లేదా అని మాత్రం అడగకండి. బయట చలిగా ఉంది.