ఇస్తే కట్టుకుంటాం

ఏడో తరగతిలోనే నేను బడి మానేశాను. బడి కూడా పెద్దగా ఏడవలేదు. అక్కడ నేర్చుకున్నవాటిలో ఇప్పటికీ పనికొచ్చేది ఒక్కటే: చెయ్యి ముందుకు చాచి, గొంతు చించుకొని అందరిచేత ప్రతిజ్ఞ చెప్పించడం.

సైదాబాద్ దగ్గర ఒక కంపెనీ ఐదంతస్తుల అపార్ట్‌మెంటు కడుతుంటే, బయటి గోడలకు సిమెంటు పూసి గిలాబు చేసే పనిలో చేరాను. అక్కడొక రివాజు ఉంది. పొద్దున పని మొదలయ్యే ముందు అందరూ వరసగా నిలబడి సేఫ్టీ ప్రతిజ్ఞ చెయ్యాలి. "తలకు టోపీ పెట్టుకుంటాను. ఎత్తుకు ఎక్కితే బెల్టు కట్టుకుంటాను. నా ప్రాణానికి నేనే బాధ్యుణ్ణి." ఆ చివరి ముక్క ఎవరు రాశారో గానీ మహా తెలివైనవాడు.

సేఫ్టీ సారు కుర్రవాడు, మెత్తటి గొంతు. మొదటి రోజే నన్ను పట్టేశాడు. "అన్నా, మైకు మింగినట్టున్నవ్. రోజూ నువ్వే చెప్పియ్." నేను చెప్పించేవాణ్ణి, మావాళ్లు అనేవాళ్లు, సారు ఫొటో తీసి ఆఫీసుకు పంపేవాడు. ఫోను జేబులోకి పోగానే సేఫ్టీ కూడా దాని వెంటే జేబులోకి పోయేది.

పైకెక్కేవాళ్లం తొమ్మిది మందిమి. బెల్టులు నాలుగు, అన్నీ పీచులు లేచిన పాతవే. అందులో ఒకదాని కొక్కెం మూసుకోదు, తీగతో చుట్టి బిగించాలి. అది ఎప్పుడూ నాతో జోడీగా పనిచేసే అతనికే వచ్చేది. జల్‌పల్లి నుంచి వచ్చే అతన్ని నేను భాయ్ అనేవాణ్ణి. నాలుగేళ్లుగా ఎక్కడ పని దొరికినా ఒకే గోడ మీద పక్కపక్కన చేస్తున్నాం. నోరు లేనివాడు కాబట్టి తీగ బెల్టు అతనిది.

"గది బెల్టు కాదు భాయ్, మొలతాడు" అని ఏడిపించేవాణ్ణి. నవ్వేవాడు.

ఒకరోజు మూడో అంతస్తు దగ్గర, మూలదాకా తాపీ చాపబోయి భాయ్ పక్కకు వంగాడు. తీగ విడిపోయింది. కొక్కెం పరంజా పైపు మీంచి జారి గాల్లో వేలాడింది. ఒంటి చేత్తో పైపు పట్టుకొని ఎలాగో నిలబడ్డాడు. తాపీ మాత్రం కింద ఇసుకలో దిగబడింది. దాన్ని కాసేపు చూసి, "కొత్తది తీస్కున్న మొన్ననే" అన్నాడు.

కిందికి దిగి, అందరికీ మంచి బెల్టులు కావాలని సారును అడిగితే, "ఆఫీసుకు రాసిన అన్నా, వస్తయి" అన్నాడు. మాతో పని చేయించే మేస్త్రిని అడిగితే ఎగిరాడు. "బెల్టులంట బెల్టులు! చార్మినార్ కట్టినోళ్లకు ఎవడిచ్చిండు?"

"గాళ్లల్ల ఎందరు పడ్డరో నీకు చెప్పి పోయిండ్రా మేస్త్రీ?" అన్నాను.

వారం తర్వాత ఐదో అంతస్తు గిలాబు మొదలుపెట్టాలి. ఆ పొద్దుననే ఆఫీసు నుంచి పెద్ద సార్లు దిగారు. వరసలో నిలబడ్డాం. చెయ్యి చాచాను.

"తలకు టోపీ పెట్టుకుంటాను!" అందరూ అన్నారు.

తర్వాతి మాట నాలిక చివరకొచ్చాక భాయ్ నడుము వైపు చూశాను. కొక్కేనికి కొత్త తీగ మెరుస్తోంది.

"కంపెనీ బెల్టు ఇస్తే కట్టుకుంటాను!"

ఏమంటున్నారో చూసుకోకుండానే అలవాటుకొద్దీ ఎనిమిది గొంతులూ అనేశాయి. అన్నాక ఎవడో కిసుక్కుమన్నాడు. నేను ఆగలేదు.

"ఇయ్యకుంటే ఎక్కను!"

ఈసారి తెలిసే అన్నారు. ఇంకా గట్టిగా అన్నారు.

మేస్త్రి ఉరికొచ్చాడు. "ఏందిరా లొల్లి? రేపటి సంది పనిలకు రాకు!"

"రేపటి ముచ్చట రేపు. ఇయ్యాల ఏం కట్టుకొని ఎక్కాల్నో చెప్పు" అని ఇసుక కుప్ప మీద కూర్చున్నాను.

భాయ్ నడుముకున్న బెల్టు విప్పి పెద్ద సారు ముందు పెట్టాడు. "సాబ్, ఒక్కసారి మీరు కట్టుకొని చూడుండ్రి." నాలుగేళ్లలో అతను పైవాళ్లతో అన్న మొదటి మాట అది. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు.

కలిపిన సిమెంటు మాలు తట్టల్లోనే గట్టిపడిపోయింది. పెద్ద సారు ఫోనులో ఎవరినో గద్దించాడు. అన్నాల వేళ దాటాక బెల్టులు కొనుక్కురావడానికి ఉస్మాన్‌గంజ్ బజారుకు పోయిన మనిషి బండి మీద గోనెసంచి వేసుకొచ్చాడు. తొమ్మిది బెల్టులు!

"తీస్కోండ్రి, పెండ్లికొడుకులు! ఇగనన్న ఎక్కుండ్రి" అని మేస్త్రి సంచి బోర్లించాడు.

నేను ఎక్కలేదు. నేలకు మూరెడు ఎత్తున ఉన్న పైపుకు ఒక్కో బెల్టూ తగిలించి, నా బరువంతా వేసి వెనక్కి వాలాను. ఏడు నిలబడ్డాయి. రెంటి కొక్కేలు ఎంత నొక్కినా మూసుకోలేదు.

"ఇవి రెండు వాపస్, మేస్త్రీ."

"ఏడున్నయి గద! ఏడుగురు ఎక్కుండ్రి."

"తొమ్మిదొస్తే తొమ్మండుగురం ఎక్కుతం."

"నిన్ను రేపు రాకుమన్ననా లేదా?"

"అన్నవ్. గందుకే అన్నీ ఇయ్యాలనే చూస్కుంటున్న."

మేస్త్రి తిట్టుకుంటూ ఆ రెండూ సంచిలో పడేశాడు. బండి మళ్లీ ఉస్మాన్‌గంజ్ దారి పట్టింది. మంచి బెల్టులు ఏడు మా ముందే పడి ఉన్నాయి. ఒక్కడూ లేవలేదు.