ఎనిమిదో పాట ఎత్తుగడ

భజనలో రెండు పనులుంటాయి. ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగిలినవాళ్ళు అందుకుంటారు. ధర్మవరంలో మా వీధి భజన బృందంలో ఎత్తుకునేది మా నాయన. అందుకునేవాళ్ళలో అందరికంటే చిన్నవాణ్ణి నేను. ఆరేళ్ళప్పటి నుంచి పాలిటెక్నిక్‌లో చేరేదాకా ప్రతి శనివారం సాయంత్రం ఆయన పాడిన చరణాన్ని ఆయన పాడినట్టే తిరిగి పాడాను. శ్రుతి, తాళం, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, ఎక్కడ దాచుకోవాలి, ఇవన్నీ అట్లాగే పట్టుబడ్డాయి. పాట ఎత్తుకోవడం మాత్రం ఒక్కసారి కూడా చేయలేదు. అదొక లోపమని అప్పుడు తెలియదు.

డిప్లొమా అయ్యాక హిందూపురంలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని దొరికింది. గదిలో ఒక మంచం, ఒక స్టవ్, రెండు గిన్నెలు, ఒక మల్టీమీటర్. మాట్లాడేందుకు ఎవరూ లేక ఫోన్లో ఏదో ఒకటి పెట్టుకునేవాణ్ణి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఒకావిడ పాట వచ్చింది. మధ్యలో ఆమె మాటలు వదిలేసి ఉత్త శబ్దాలతో పాడుకుంటూ పోయింది. పియానో ఆమెను అందుకుంది. కాసేపటికి ఆమె పియానోను అందుకుంది. ఇది నాకు తెలిసిన పనే కదా అనుకున్నాను. దాన్ని జాజ్ అంటారని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత మూడేళ్ళు ఆ గదిలో ఒక్కణ్ణే నేర్చుకున్నాను. నోటుబుక్కులో పాట, శ్రుతి, తప్పులు అని మూడు గళ్ళు గీసుకున్నాను. మూడో గడి ఎప్పుడూ చాలేది కాదు. తెలుగులో నేనే మాటలు రాసుకుని పాడి నెట్‌లో పెడితే, బెంగళూరు నుంచి ఒక పియానో వాయించే ఆయన ఫోన్ చేశాడు. వాళ్ళమ్మది మా వైపు అగళి కాబట్టి తెలుగు వచ్చు.

“నీ గొంతు తాళానికి ఒక అడుగు ఎనకాల నడుస్తాది గురూ. ఆ నడక కోసం మావాళ్ళు ఏండ్ల కొద్దీ తిప్పలు పడతారు. నీకెవరు నేర్పించిరి?”

“ఎవరూ లేరు సార్,” అన్నాను. తర్వాత లాప్‌టాప్‌లో కొలిచి చూసుకున్నాను. ప్రతి వరుసలోనూ పియానో మొదలైన తర్వాతే నేను మొదలవుతున్నాను. ఆయన నడక అని మెచ్చుకున్నది నిజానికి ఎదురుచూడటం.

ఆల్బమ్ చేద్దామన్నాడాయన. ఎనిమిది పాటలు. పియానో, బేస్ గిటార్ అక్కడ రికార్డు చేసి పంపితే, గొంతు నేను కలపాలి. హిందూపురం గదిలో ఫ్యాక్టరీ మోత ఒక్క రోజూ ఆగదు కాబట్టి ధర్మవరంలో మా ఇల్లే గతి. మా వీధిలో ప్రతి ఇంట్లో మగ్గమే. తెల్లారితే మైకులో మగ్గాల మోత తప్ప ఇంకేమీ పడదు. ఒక్క అమావాస్య నాడు ఎవరూ మగ్గం ఎక్కరు. అందుకని అమావాస్య ఏ వారం వచ్చినా షిఫ్టు మార్చుకుని రైలెక్కేవాణ్ణి. ఏడు అమావాస్యల్లో ఏడు పాటలు అయ్యాయి.

ఎనిమిదో పాటకు ముందు పియానో లేదు. ఉత్త గొంతుతో మొదలవ్వాలి. “ఒక్క పాటన్నా నువ్వే మొదలుపెట్టల్ల. లేకుంటే సింగర్ నువ్వా, నేనా?” అని ఆయన పట్టుబట్టాడు.

ఎనిమిదో అమావాస్య నాడు నలభై నిమిషాలు రికార్డయింది. అందులో ఉన్నవి: నా ఊపిరి, పక్కింటి కుక్కర్ విజిల్ మూడుసార్లు, ఒక ఉడుత. పాట లేదు.

మరుసటి వారం సెలవు రోజు పెనుకొండలో దిగి కొండ కిందికి పోయాను, ఎవరూ లేని చోట వస్తుందేమోనని. నిలబడి నోరు తెరవడం, మూయడం. మేకలు తోలుకొచ్చిన ఒక ముసలాయన చాలాసేపు చూశాడు.

“ఏమబ్బా, ఎవురి కోసరం కాసుకోనుండావు?”

“ఎవరూ లేరు తాతా. పాట పాడదామని.”

“మల్ల పాడు! మేకలు వద్దన్యాయా?”

మేకలు వద్దనలేదు. నోటుబుక్కులో ఆ రోజు లెక్క: ప్రయత్నాలు ఇరవై ఆరు, ఎత్తుకున్నవి సున్నా.

తొమ్మిదో అమావాస్య నాడు నాయన మగ్గం గుంతలో కాళ్ళు వేలాడేసుకుని ఊరికే కూర్చుని ఉన్నాడు. సెలవైనా ఆయన కూర్చునేది అక్కడే. ఆయన పాడటం మానేసి చాలా ఏళ్ళయింది. డోలక్ వాయించే ఆయన చనిపోయాడు, ఇద్దరు బెంగళూరు పోయారు, నేను హిందూపురం పోయాను. అందుకునేవాళ్ళు లేరని ఆయన ఎత్తుకోవడం మానేశాడు.

“ఏమప్పా, మైకు ముందర మూగనోము పట్టినావా?”

“మొదలు కావడం లేదు నాయనా.”

“కరెంటు లేదా?”

“కరెంటు ఉంది. నాకే వస్తా లేదు.” మైకు ఆయన వైపు తిప్పాను. “నువ్వొకసారి ఎత్తుకో నాయనా. నేను అందుకుంటా.”

ఆయన మగ్గం మీది పడుగు దారాల్ని వేలితో సవరించాడు. “నా గొంతు తెగిన జరీ మాదిరి అయింది. జనం వింటే నగుతారు.”

“జనం వినరు. నీది తీసేస్తా.”

“కచ్చితంగా తీసేస్తావా?”

“తీసేస్తా.”

“ఒట్టెయ్యి.”

ఒట్టేశాను. నా పాట శ్రుతి తంబురా యాప్‌లో పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని, మాటలు లేకుండా, ఉత్త రాగంగా ఎత్తుకున్నాడు. నాలుగు సెకన్లు. చివర గొంతు చీలింది. ఆ చీలిన చోటే నేను అందుకున్నాను. పాట ఆఖరిదాకా ఒక్కసారికే వచ్చేసింది. నేను హెడ్‌ఫోన్లు తీసేసరికి ఆయన టీ తాగడానికి వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఇచ్చిన మాట ప్రకారం ఆ నాలుగు సెకన్లు తీసేశాను. వేరే కాపీ ఉంచుకోవచ్చా అని అడగలేదు కాబట్టి ఉంచుకోలేదు. తీసేశాక మిగిలిన ఖాళీని మాత్రం కత్తిరించలేకపోయాను. బెంగళూరు నుంచి సవరణల జాబితా వచ్చింది, ఐదు అంశాలు. ఐదోది: మొదట్లో ఖాళీ ఉంది, కత్తిరించు. నాలుగు చేసి పంపాను.

“ఐదోది మర్చిపోతివి గురూ.”

“మర్చిపోలేదు సార్. అట్లే ఉండనీండి.”

ఎందుకని అడిగాడు. మిగతా నాలుగూ సరిపోయాయా అని అడిగాను. ఆయన ఇంక అడగలేదు.

ఆల్బమ్ వచ్చిన రోజు హిందూపురంలో నేను ఆ సంగతి చెప్పుకునేంత దగ్గరివాళ్ళు ఎవరూ లేరు. షిఫ్టు అయ్యాక మధ్యాహ్నం రైలెక్కి ధర్మవరం వచ్చాను. వీధి నిండా మోత. నాయన మగ్గం ఆపి, ఫోను ఒళ్ళో పెట్టుకుని వరుసగా విన్నాడు. “ఆ పియానో ఆయప్ప బలే వాయిస్తాడే,” అన్నాడు. ఎనిమిదో పాట వచ్చింది. నిశ్శబ్దం.

“నిల్చిపాయనే,” అని ఫోను మీద వేలితో తట్టాడు.

“నిల్చిపోలేదు నాయనా. వస్తాంది.”

అంతలో నా గొంతు మొదలైంది. ఆయన వేలు అక్కడే ఆగింది. ఆ ఖాళీలో ఏముండేదో ఆయనకు తెలిసిపోయింది.

“తీసేసినావు.”

“ఒట్టు వేయించుకుంటివి కదా.”

“ఊ. వేయించుకుంటి.” ఫోను ఒళ్ళోంచి పైకి తీశాడు. “వేరేగా యాడన్నా పెట్టుకున్యావా?”

“లేదు నాయనా.”

ఆయన తలూపాడు. ఫోను నా చేతికిచ్చి కాళ్ళు గుంతలోకి దించాడు. మగ్గం మోత మొదలైంది. ఫోన్లో పాట ఇంకా నడుస్తూనే ఉంది కానీ నాకు వినబడలేదు.