పేగులమ్మ ఆరో పటం

మా వదిన పోయి నాలుగు నెలలు దాటింది. ఇప్పటికీ బియ్యం కొలిచేటప్పుడు చెయ్యి దానంతటదే రెండో గ్లాసు ముంచుతుంది. పోసేశాక గుర్తొస్తుంది. తీసి మళ్లీ డబ్బాలో పోస్తాను.

వదిన అంటే మా ఆయనకి అక్క. ఈ వీధిలో ఆవిడ పేరు చెబితే ఎవరికీ తెలియదు. పేగులమ్మ అంటే మాత్రం మూడు సందుల అవతలివాళ్లు కూడా ఇల్లు చూపిస్తారు. ఆ పేరు పిల్లలు పెట్టింది. ఆవిడ బడులకి మనిషి శరీరం పటాలు వేసేది. మందపాటి గుడ్డ మీద నూనె రంగులతో గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, పొట్ట, పేగులు. రంగు ఆరడానికి వాటిని పెరట్లో తీగకి క్లిప్పులు పెట్టి వేలాడదీసేది. గాలికి పేగులన్నీ ఊగేవి. పక్కింటావిడ పిట్టగోడ మీంచి చూసి, లోకంలో అందరూ బట్టలారేస్తారు, మీరేంటమ్మా మనుషుల్నే ఆరేస్తారు అనేది. వదిన తల తిప్పకుండానే, "శుభ్రంగా ఉతికే ఆరేశాం లెండి" అనేది.

నేను కోడలిగా వచ్చిన రోజున కూడా తీగ మీద నలుగురున్నారు. కాళ్లు కడుక్కుందామని పెరట్లోకి వెళ్లి చూసేసరికి గుండె జారిపోయింది. గుండె ఎలా ఉంటుందో నేను చూసింది కూడా అప్పుడే.

మా మామగారు దుకాణాలకి బోర్డులు రాసేవారట. నేను వచ్చేటప్పటికే ఆయన లేరు. ఆయనకి చూపు మందగించాక కుంచె కూతురి చేతికొచ్చింది. పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా ఈ ఆర్డరు అవనీండి అనేదట. అదయ్యేసరికి ఇంకోటి వచ్చేది. అలా ఈడు దాటిపోయింది. దానికి ఆవిడ బాధపడగా నేను చూడలేదు. పోన్లే అనుకోగానూ చూడలేదు.

మా ఆయన లారీ నడిపేవాడు. వెళ్తే పదిహేను రోజులు, వస్తే రెండు రోజులు. మాకు పిల్లలు లేరు. నిజం చెప్పాలంటే ఈ ఇంట్లో కాపురం చేసింది నేనూ మా వదినా. ఆరేళ్ల కిందట ఆయన పోయినప్పుడు కూడా ఇంట్లో వస్తువులేవీ చోటు మారలేదు. సందు మొదట్లో లారీ హారన్ వినబడితే చెవులు రిక్కించడం మానేశాం, అంతే.

ఆవిడ పని ముందు గదిలో సాగేది. బడి సామాన్లు అమ్మే కొట్టాయన ఇచ్చిన అసలు పటం ఒకటుండేది. దాన్ని తల్లి పటం అనేవాళ్లం. దాని మీద పల్చటి కాయితం పరిచి గీతలన్నీ ఎక్కించి, ఆ గీతల వెంట సూదితో కన్నాలు పొడిచేది. ఆ కన్నాల కాయితాన్ని కొత్త గుడ్డ మీద పరిచి, బొగ్గుపొడి మూటతో తట్టితే బొమ్మ చుక్కలు చుక్కలుగా దిగేది. చుక్కలు కలిపి గీసి, రంగులు నింపి, చివర్న పక్కన పేర్లు రాసేది. మూట తట్టడం, రంగులు కలపడం నా పని. కాలేయం రంగు మాత్రం నేను కలిపితేనే కుదురుతుందనేది. ఇటుక ఎరుపులో కాస్త నలుపు, కాస్త పసుపు. ఎంతెంత అంటే చెప్పలేను, చేతికే తెలుసు.

ఇంకో పని కూడా నాదే. అనుమానం వచ్చినప్పుడల్లా ఆవిడ నన్ను నిలబెట్టేది. అట్టలు ఊడిన పాత పుస్తకం ఒకటీ, నేనూ, అంతే ఆవిడ చదువు. పక్కటెముకలు వేళ్లతో లెక్కపెట్టేది, పక్కకి పన్నెండు. చక్కిలిగిలికి నేను మెలికలు తిరిగితే, "బతికున్న మనుషులతో ఇదే చిక్కు పిల్లా" అనేది. అలా నాకూ వచ్చేసింది. మూత్రపిండాలు వీపు వైపు ఉంటాయి. కుడిది కొంచెం కిందికి ఉంటుంది, దాని నెత్తిన కాలేయం కూర్చుంది కాబట్టి. చిన్నపేగు సాగదీస్తే మా వీధి గుమ్మం నుంచి వంటింటి గట్టు దాకా వస్తుంది. కుడి ఊపిరితిత్తికి మూడు భాగాలు, ఎడమదానికి రెండే. గుండెకి చోటివ్వాలి కదా, అందుకని అది సర్దుకుంది. ఆ మాట చెప్పిన రోజున వదిన కుంచె పక్కన పెట్టి కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సర్దుకున్నది ఎవరా అని నేను అడగలేదు.

ఇప్పుడు రాయాలనుకున్నది రాస్తాను. పదకొండేళ్ల కిందట ఇరవై నాలుగు పటాలకి ఆర్డరొచ్చింది. మొదటి గుడ్డ పరిచాం. నేను బొగ్గుమూట పట్టుకుని, గోడకున్న తల్లి పటాన్ని ఊరికే చూస్తున్నాను. ఏం తోచిందో, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. "వదినా, నా గుండె ఎడమ పక్కన కొట్టుకుంటోంది. ఈ పటంలో కుడి పక్కన ఉందేంటి?" అన్నాను.

ఆవిడ లేచొచ్చి నా పక్కన నిలబడి, తనూ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఇద్దరం ఒట్టేస్తున్నవాళ్లలా పటం ముందు నిలబడ్డాం. పటంలో గుండె మా కుడి చేతి వైపే ఉంది. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమ చెయ్యి మన కుడి చేతికి ఎదురొస్తుంది. చంటిపిల్లకి చొక్కా తొడిగేవాళ్లకైనా తెలిసే సంగతి. ఆ పూట మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. వందల పటాలు వేసిన మనిషి మొహం పాలిపోయింది. కన్నాల కాయితాన్ని తీసి వెనక్కి తిప్పి పరిచింది. అటు తట్టినా ఇటు తట్టినా పొడి దిగుతుంది కదా. బొమ్మ మొత్తం కుడి ఎడమలు తిరగబడి దిగింది. పేర్లు తర్వాత రాసేవే కాబట్టి చూడ్డానికి ఎక్కడా తేడా లేదు. "ఇన్నేళ్లలో ఒక్కళ్లు అడగలేదు చూడు. నువ్వు అడిగావు" అంది వదిన. ఆ రోజంతా నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

నెల తిరక్కుండా కొట్టాయన ఇంటికొచ్చాడు. ఒక బళ్లో సైన్సు మాస్టారు పటం చూసి చీటీ రాసి పంపాడట. నేను వంటింటి తలుపు వెనకాల ఉన్నాను. "మీ ఇంట్లోవాళ్లకి కాలేయం ఎడమ పక్కన ఉంటుందేమో గానీ అమ్మా, మా ఊరి పిల్లలందరికీ కుడి పక్కనే" అన్నాడు. వదిన, "తప్పు నాదే. కాయితం తిరగబడింది" అంది. వంటింటి వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

నేను బయటికి రాలేదు. కొట్టాయన వెళ్లబోతూ, ఇక మీదట ఆకులూ పువ్వులూ వెయ్యమ్మా చాలు, వాటికైతే కుడీ ఎడమా లేదు అన్నాడు. అలాగే అయింది. పేగులమ్మ అన్న పేరు మిగిలింది గానీ, తీగ మీద మందారపువ్వులు ఆరేవి.

అలా తిరగబడ్డ ఇరవై నాలుగింటిలో పద్దెనిమిది కొట్లోనే ఉన్నాయి. ఆరు బడులకి వెళ్లిపోయాయి. వదిన ఆ ఆరు బడుల పేర్లూ రాసుకుని, సంచీలో రంగులు సర్దుకుని, వారానికొకటి చొప్పున బయల్దేరింది. అక్కడే కూర్చుని తెల్లరంగుతో ఛాతీ నుంచి పొట్ట దాకా కప్పి, ఆరాక మళ్లీ వేసి వచ్చేది. ఐదు అయ్యాయి. ఆరో బడికి వెళ్లిన రోజు సాయంత్రం వచ్చి సంచీ కింద పెట్టి, "దొరకలేదు" అంది. అంతే. నేను వెళ్లి వెతికొస్తానంటే, నువ్వెందుకు అంది. రెండోసారి అడిగితే, దొరకలేదంటే దొరకలేదనే అంది. కోపంగా కాదు, కుంచె కడుక్కుంటూ మామూలుగానే.

అప్పట్నుంచి నా మెడలో ఆ పటం వేలాడుతూనే ఉంది. నా ఒక్క మాట వల్ల ఎక్కడో పిల్లలు తమ లోపలున్నది తప్పుగా నేర్చుకుంటున్నారు. మాట అన్నది నేను, పడ్డది ఆవిడ. ఒక్కసారి నోరు తెరిచి, తప్పు నాది వదినా అనాలని ఎన్నిసార్లు అనుకున్నానో.

పోయినేడు ఆవిడకి కాళ్లు వాచాయి. బొటనవేలితో చీలమండ మీద నొక్కి, పడ్డ గుంటని చూసి, "పంపు అలిసిపోయింది పిల్లా, నీళ్లు కిందే ఉండిపోతున్నాయి" అంది. డాక్టరూ అదే చెప్పాడు, ఇంకాస్త పెద్ద మాటల్లో. చివరి వారంలో ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని, వదినా, ఆ రోజు పటం అని మొదలుపెట్టాను. ఆవిడ కళ్లు మూసుకునే, "రంగు ఆరిందో లేదో చూసిరా" అంది. మగతలో అందో, నన్ను ఆపడానికి అందో తెలియదు. నేను నిజంగానే లేచి పెరట్లోకి వెళ్లాను. తీగ మీద ఏమీ లేదు.

మొన్న ఆవిడ రేకుపెట్టె సర్దుతుంటే ఆ ఆరు పేర్ల కాయితం దొరికింది. ఐదింటికి టిక్కులున్నాయి. ఆరో పేరుకి టిక్కూ లేదు, కొట్టివేతా లేదు. చుట్టూ సున్నా చుట్టి ఉంది. దొరకని దానికి సున్నా ఎందుకు చుట్టింది? ఏమైనా సరే, నేను పోయేలోపు ఆ పటాన్ని సరిచెయ్యాలనుకున్నాను. కుంచె పట్టడం నాకు రాదు. అయినా కాలేయం రంగు ఒక డబ్బా కలిపాను. తెల్లరంగు, టర్పెంటైను సీసా, కన్నాల కాయితం, బొగ్గుమూట సంచీలో పెట్టుకుని రెండు బస్సులు మారాను.

బడి ఉంది. సైన్సు టీచరమ్మ నా వయసులో సగం ఉంటుంది. పాత పటం ఒకటుండాలండీ, మా వదిన వేసింది అన్నాను. సరిచెయ్యడానికి వచ్చానని చెప్పలేదు. రండమ్మా అని వరండా చివరి గదికి తీసుకెళ్లింది. పిల్లలు ఆటస్థలంలో ఉన్నారు. తలుపు పక్కన, పిల్లల ఎత్తుకి, గోడకి వేలాడుతోంది ఆరో పటం.

గుండె అటే ఉంది. కాలేయం అటే ఉంది. ఏదీ మార్చలేదు. కానీ మనిషి చుట్టూ నాలుగు వైపులా మందపాటి చెక్క చట్రం గీసి ఉంది. చట్రం లోపల, బొమ్మ భుజం పక్కన రెండు ఏటవాలు తెల్లగీతలు, గాజు మెరిసినట్టు. కింద వదిన గుండ్రటి అక్షరాలు: ఇది ఎదుటి మనిషి కాదు. అద్దంలో నువ్వే. నీ గుండె మీద చెయ్యి పెట్టి చూసుకో.

చట్రం రంగు కాలేయం రంగు. వదిన ఆరో బడికి బయల్దేరిన రోజు నేను కలిపిచ్చిన డబ్బాలోదే.

టీచరమ్మ అప్పుడు కొత్తగా చేరిందట. వదిన తెల్లరంగు మూత తీసి కూడా చాలాసేపు పటాన్ని చూస్తూ కూర్చుందని చెప్పింది. చెరిపేస్తారా అమ్మా అని తను అడిగితే వదిన ఏమందో ఇప్పటికీ గుర్తుందంది.

"'మా మరదలు అద్దంలో చూసినట్టు చూసింది. అలా చూసేవాళ్లకి కూడా ఒక పటం ఉండాలి కదమ్మా' అన్నారు. ఏటా పిల్లల్ని ముందు దీని దగ్గరే నిలబెడతాను. ఆ తర్వాతే మామూలు పటం."

నాకు ముందు కోపం వచ్చింది. పదకొండేళ్లు. రోజూ రెండు పూటలా ఒకే గట్టు మీద ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. ఒక్క మాట చెబితే పోయేది కదా వదినా. చెబితే ఆ రోజు సంగతి మళ్లీ ఎత్తాల్సొస్తుందని ఊరుకుందో, నేనే ఏదో ఒకనాటికి చెబుతానని చూసిందో. ఇక అడగడానికి ఎవరున్నారు.

చెయ్యి గుండె మీద పెట్టుకున్నాను. పటంలో గుండె సరిగ్గా నా చేతికి ఎదురుగా ఉంది. ఈసారి పక్కన ఎవరూ నిలబడలేదు.

సంచీలో ఏమిటమ్మా అని అడిగింది టీచరమ్మ. రంగు డబ్బా, మా ఇంట్లోదేనండి అన్నాను. అయితే కింద చట్రం పెచ్చులూడింది, కాస్త వేసి వెళ్తారా అంది. నాకు రాదండీ, నేను కలిపేదాన్ని మాత్రమే అన్నాను. ఆవిడ స్టూలు తెచ్చి వేసింది.

మూత తీశాను. రంగు పాత చట్రంలో కలిసిపోయింది. ఎక్కడ పాతదో ఎక్కడ కొత్తదో తెలియలేదు. అంచు మాత్రం ఒక చోట వంకరపోయింది. వదిన అయితే గుడ్డతో తుడిచేసి, మళ్లీ వెయ్యి పిల్లా అనేది. నేను తుడవలేదు. ఆరేదాకా అక్కడే కూర్చున్నాను.