రెండోసారి మాట్లాడే సర్వరీ చాచీ

సర్వరీ చాచీ ఎవరితోనైనా సరే, ఏ మాటైనా సరే, రెండోసారే మాట్లాడుతుంది. మొదటిసారి మాట్లాడింది మాతో అయి ఉంటుంది. వంకాయలు బేరమాడాలన్నా, గ్యాస్ బండ రాలేదని ఫోన్ చేయాలన్నా, చుట్టాలింటికి పరామర్శకు పోవాలన్నా ముందు దుకాణం గల్లాపెట్టె మీద వేళ్లతో తాళం వేసి, "ఒక్కపాలి అనుకొని చూద్దాం" అంటుంది. ఆ మాట వినగానే ఆమె భర్త మహబూబ్ అలీ చాచాకు ఇంట్లో చక్కెర అయిపోయిన సంగతి గుర్తొస్తుంది. సంచీ పట్టుకుని మాయమవుతాడు. వాళ్లింట్లో ఉన్న చక్కెర చూస్తే ఎవరిదో పెళ్లి పెట్టుకున్నారనుకుంటారు.

చాచా పోతే మిగిలేది నేను. డిగ్రీ మధ్యలో వదిలేసి వచ్చినవాణ్ని, పగలంతా ఖాళీ. భద్రాచలం పోయే రోడ్డు మీద మా సంతలో చాచీ గాజుల దుకాణం మెట్లే నాకు కాలేజీ. ఆ మెట్ల మీద కూర్చునే నేను కూరగాయలవాణ్నయ్యాను, బ్యాంకు మేనేజర్నయ్యాను, పళ్ల డాక్టర్నయ్యాను. చదువు ఆపేసినవాడికి ఇన్ని ఉద్యోగాలు ఇంకెవరిస్తారు?

వంకాయల రోజు "కిలో ఎంత?" అంది చాచీ. నోటికొచ్చినట్టు "ఎనభై" అన్నాను.

"ఎనభయ్యా? పుచ్చు వంకాయలకు ఎనభయ్యా? నీకు మనసెట్లొచ్చిందిరా?"

"ఉత్తగనే అన్న చాచీ. నా దగ్గర వంకాయలే లేవు."

"లేకనే ఎనభై అంటున్నవు, ఉంటే ఎంత అంటవో!"

ఆ రోజు నాకు చాయ్ లేదు.

ఇంకోసారి కల్లూరులో తెలిసిన ముసలాయన పోయాడు. నేను ఆయన పెద్ద కోడలిని. "ఎంత పనాయె బిడ్డా" అని చాచీ నా భుజం మీద చెయ్యి వేసిందో లేదో, నాకు నిజంగానే ఏడుపు తన్నుకొచ్చింది. పక్క దుకాణాలవాళ్లు షట్టర్లు సగం దించి పరుగెత్తుకొచ్చారు. కల్లూరు వెళ్లొచ్చాక చాచీ మెచ్చుకుంది కూడా. "ఆ కోడలు నీ లెక్క ఏడ్వలేరా. నాకే మనసుకు పట్టలే."

నాకూ మా అమ్మతో చెప్పాల్సిన మాట ఒకటుండేది. కాలేజీకి మళ్లీ పోను, కొత్తగూడెంలో మోటారు వైండింగ్ నేర్చుకుంటాను అని. కాలిపోయి మూలన పడ్డ మోటారు నా చేతిలో మళ్లీ గిర్రున తిరిగితే ఆ చప్పుడు వినాలని నాకు ఎప్పట్నుంచో ఆశ. ఆ మాట గొంతు దాకా వచ్చి, అన్నం ముద్దతో పాటు కిందికి దిగిపోయేది. చాచీకి చెప్తే వెంటనే గల్లాపెట్టె మోగుతుందని ఆమెకూ చెప్పలేదు.

సోని మా సంతకు వచ్చింది ఆ రోజుల్లోనే. పర్ణశాల అవతల అడవి పల్లె ఆమెది. కుంకుడుకాయలు, చింతపండు, తేనె తెచ్చి రోడ్డుకు ఇవతల ఒక ప్లాస్టిక్ పట్టా కింద ఒక్కతే కూర్చునేది. రోడ్డుకు అవతల ఆడవాళ్ల వరుస. పైన రేకులు, కింద సిమెంటు దిమ్మెలు. ధర్నాలు చేసి తెచ్చుకున్నారు, ఆడవాళ్లకే ఇస్తారు. సోని పుట్టినప్పుడు ఇంట్లోవాళ్లు మగపిల్లాడన్నారు. సోనికి మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ తాను ఆడపిల్లే. దిమ్మె కావాలని అడిగితే సంత ఆఫీసు గుమస్తా, "డాక్టరు చూసి ఆడదానివేనని రాసియ్యాలె" అన్నాడు.

ఒకరోజు చాచీ దుకాణం ముందు నిలబడి, "మా చెల్లెకు గాజులు కావాలె" అంది సోని, నేల చూపులు చూస్తూ.

"చెల్లె సంగతి తర్వాత. ముందు నీ చెయ్యి ఇటియ్యి."

గాజులమ్మేవాళ్లు చెయ్యి పట్టుకుని, పిడికిలి ఒత్తి చూసి సైజు చెప్పేస్తారు. చాచీ ఆ ఒత్తుడులో సైజుతో పాటు ఇంకేదో కూడా చూసినట్టుంది. ఎర్ర గాజులు ఒక్కొక్కటే ఎక్కిస్తూ, "ఏం కావాలె బిడ్డా నీకు?" అంది.

సోని రోడ్డు అవతలికి చూసింది. "ఆడ కూసోవాలె."

"ఆడేముంది? రేకుల కింద మాడి చస్తరు" అన్నాను. నా నోరు అంతే.

"మధ్యాన్నం డబ్బాలు మార్చుకుంటరు" అంది సోని.

నేను రోజూ చూసేదే అది. మధ్యాహ్నమైతే ఆ వరుసలో డబ్బాల మూతలన్నీ ఒకేసారి లేస్తాయి. ఒకరి పప్పు ఇంకొకరి మూతలోకి, ఆమె గోంగూర ఈమె అన్నంలోకి. ఎవరి కూర వాళ్లే తినడం అక్కడ నేరం. సోని ఇద్దరికి సరిపడా కూర తెచ్చుకుని, పట్టా కింద ఒక్కతే తిని, మిగిలినదానికి మూత పెట్టేది. సాయంత్రం వరుస ఖాళీ అయ్యాక రోడ్డు దాటి పోయి, ఒక దిమ్మె మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేది. కూర్చునేది కాదు. పగటి వేడి ఇంకా సిమెంటులో ఉండేదేమో.

చాచీ గల్లాపెట్టె మీద వేళ్లతో తాళం వేసింది. "సోమవారం ఎమ్మెల్యే సారు జనం మాటలు వింటడట. ఒక్కపాలి అనుకొని చూద్దాం."

చాచా సంచీ అందుకున్నాడు.

నేను ఎమ్మెల్యేను. మెడలో కండువాకు బదులు చాచీ దుపట్టా. సోని తలుపు దగ్గర పీఏ. మరి సోని ఎవరు? చాచీయే సోని!

"సారూ, నేను సోనిని. దయ చూపుండ్రి, మీ కాళ్లు మొక్కుత..." అని చాచీ రాగం అందుకుంది.

"నేనట్ల అనను చాచీ" అంది పీఏ తలుపు దగ్గర్నుంచి.

"మరెట్లంటవ్?"

"దయ ఎందుకు? దిమ్మె అడుగుత."

"అచ్ఛా. మళ్ల." చాచీ గొంతు సవరించుకుంది. "సారూ, డాక్టరు దగ్గరికి పొమ్మంటే పోత, ఏం జేస్త..."

"పోను చాచీ! ఎందుకు పోవాలె? ఆ వరుసల ఉన్నోళ్లను డాక్టరు చూసినంకనే ఇచ్చిన్రా దిమ్మెలు? వాళ్లు పేరు చెప్పిన్రు, రాసుకున్నరు. నేనెవరో నేను చెప్త. గదే రాసుకోవాలె."

"అబ్బ, నాకు యాదుండదు బిడ్డా. మళ్ల చెప్పు."

చాచీకి యాదుండకపోవడమేంటి? తన పెళ్లి దావతులో ఎవరు ఎన్నిసార్లు బిర్యానీ వడ్డించుకున్నారో ఇప్పటికీ పేరు పేరునా చెప్తుంది. సోని విషయంలో మాత్రం రోజూ తప్పే. పొద్దున సరిదిద్దిన మాట సాయంత్రానికి మళ్లీ కాళ్లు మొక్కే దగ్గరికే వచ్చేది. సోని విసుక్కుని, నెత్తి కొట్టుకుని, మొత్తం మళ్లీ చెప్పేది. ఎమ్మెల్యేనైన నాకే విసుగొచ్చింది.

ఆడవాళ్ల వరుసలో పెద్ద దిక్కు జంపక్క. ధర్నాలో అందరికన్నా ముందు కూర్చున్న మనిషి. మా గోల విని ఒకరోజు వచ్చి, కొంగు నడుముకు చెక్కి నిలబడింది.

"సర్వరమ్మా, ఈ పిల్ల మీద నాకు కోపం లేదు. కని నోటిమాటకే ఇయ్యాలంటే, రేపు ఎవడో ఒకడు వచ్చి నేనూ ఆడదాన్నే అంటడు, దిమ్మె గుంజుకుంటడు. అప్పుడు మేమెటు పోవాలె? మరుగుదొడ్డికి తలుపే లేకపాయె. ఒకరికొకరం చీర అడ్డం పట్టుకుంటున్నం."

నేను ఆమె మీదికి లేవబోయాను. చాచీ నా మోకాలి మీద ఒక్కటిచ్చింది. "కూసో ఎమ్మెల్యే. ఆమె అడిగింది అడగాల్సిన మాటే. సారు దగ్గర కూడ గదే అడుగుతరు. సోనీ, ఏం చెప్పాలె నేను?"

సోని చాలాసేపు గాజులు తిప్పుకుంది.

"అక్కా, దిమ్మె కోసం ఒకడు ఒక్క రోజు చీర కట్టుకుంటడేమో. తెల్లారి గదే చీరతోని ఊళ్లె తిరగాలె. అన్న కొడితే పడాలె. అమ్మను చూడకుండ బతకాలె. ఒక్క దిమ్మె కోసం ఎవడన్న గంత చేస్తడా? నీ భయం ఉత్తదంటలేను. మరుగుదొడ్డికి తలుపు లేకుంటే నాకు మీకన్న ఎక్కువ భయం. నేనైతే పొద్దంత నీళ్లే తాగను. లోపల గడియ ఉన్న తలుపు అందరం కలిసి అడుగుదాం."

జంపక్క రోడ్డు అవతలికి చూసింది, సోని గాజుల వైపు చూసింది. "గడియ ఇనుపదే కావాలె. కట్టెది ఊడిపోతది" అంది. అంటే తనూ వస్తున్నట్టు.

ఇంకోరోజు రిహార్సల్ మధ్యలో మిర్చి బజ్జీలొచ్చాయి. వేడి మీద తినాలని, చాచీ నోరు తెరవకముందే, "సరే సరే, చేద్దాం. నేను చూసుకుంట, పోయి రాండ్రి" అనేశాను.

చాచీ పొట్లం వెనక్కి గుంజుకుంది. "గిదే అసలు కాదనుడు! కాదన్నోనితోని కొట్లాడొచ్చు. చేద్దామన్నోనితోని ఏం కొట్లాడుతం? సోనీ, గిట్లంటే ఏమనాలె?"

"'ఎప్పుడు?' అనాలె."

"ఇంక?"

"మా ముందట్నే ఆఫీసుకు ఫోన్ చెయ్యమనాలె."

"నాకు యాదుండదు. మళ్ల చెప్పు."

బజ్జీలు చల్లారిపోయాయి.

సోమవారం పొద్దున చాచీ మెడకు మఫ్లరు చుట్టుకుని వచ్చింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట లేదు. గొంతు చూపించి, చెయ్యి గుండ్రంగా తిప్పింది. పోయింది, అని.

"ఎట్ల చాచీ? మొత్తం నువ్వే కద చెప్పేది!" అని నేను లబలబలాడాను. చాచీ వేలు ఆకాశం వైపు చూపించింది. "రాత్రే అల్లం నమలకపోయినవా?" అని జంపక్క తిట్టింది. సోని ముఖం పాలిపోయింది. వెనక్కి తిరిగింది. చాచీ ఆమె చెయ్యి పట్టుకుంది, గాజులెక్కించేటప్పటి పట్టు. ఆ పట్టులోంచి చెయ్యి విడిపించుకున్నవాళ్లు మా సంతలో లేరు.

అసలు ఎమ్మెల్యే నా అంత బాగా లేడు. కాలు మీద కాలు లేదు, మీసం మీద చెయ్యి లేదు. జలుబు చేసి ముక్కు తుడుచుకుంటూ కూర్చున్నాడు. సోనిని చూసి, "చెప్పు..." అని ఆగిపోయాడు. అమ్మా అనాలో, అయ్యా అనాలో తెలియక.

"సోని అనుండ్రి సారూ. సోనమ్మ అన్నా పలుకుత."

"చెప్పమ్మా సోనమ్మా."

ఆ 'అమ్మా' దగ్గర సోని చెప్పాల్సిందంతా మర్చిపోయింది. నేను చూస్తూనే ఉన్నాను. ఎండలో చాలా దూరం నడిచొచ్చి నీళ్లు తాగినవాళ్లు, చెంబు దించి ఒక్క క్షణం అట్లాగే ఉండిపోతారు చూడండి, అట్లా ఉండిపోయింది. తర్వాత మొదలుపెట్టింది. దయ లేదు, కాళ్లు లేవు. దిమ్మె సంగతి చెప్పింది. తానెవరో తాను చెప్తే రాసుకోవాలంది. మధ్యలో డాక్టరు ఎందుకని అడిగింది. ఆడవాళ్లందరికీ మరుగుదొడ్డి తలుపు కావాలంది, లోపల గడియ కావాలంది. "ఇనుపది" అంది జంపక్క వెనకనుంచి.

ఎమ్మెల్యే చేతులు జోడించాడు. "సరే సరే, చేద్దాం. నేను చూసుకుంట, పోయి రాండ్రి."

ఒక్క అక్షరం తేడా లేదు. నేను ఏ ఉద్యోగానికి పనికొస్తానో ఆ రోజే తెలిసింది.

సోని కదల్లేదు. "ఎప్పుడు సారూ?"

"చేద్దామన్న కదమ్మా."

"మేం ఈడున్నప్పుడే ఆఫీసుకు ఒక్క ఫోన్ చెయ్యుండ్రి సారూ. మళ్ల వచ్చి మిమ్మల్ని సతాయించం."

ఎమ్మెల్యే సోనిని చూశాడు. నడుముకు చెక్కిన జంపక్క కొంగును చూశాడు. మఫ్లర్లోంచి గుడ్లురుముతున్న చాచీని చూశాడు. ముక్కు తుడుచుకుని ఫోన్ తీశాడు. "ఆ అమ్మాయికి దిమ్మె ఇయ్యుండ్రి... డాక్టరు కాయితం ఏంది? ఆమె ఏం చెప్తే గదే రాసుకోండ్రి... ఆ, తలుపు కూడ పెట్టించుండ్రి. గడియ... ఇనుపదట."

తిరుగు ప్రయాణంలో నలుగురం ఒకే ఆటో ఎక్కాం. అప్పటికే కిక్కిరిసి ఉంటే, డ్రైవరు రోడ్డు పక్కన ఇంకొకర్ని చూసి బండి ఆపాడు. "జర సర్దుకోండ్రి."

"ఏడ సర్దుకోవాలెరా? ఒళ్లె కూసోబెట్టుకోవాలా, నెత్తిన పెట్టుకోవాలా? ఆటో అనుకున్నవా, గోదారి పడవ అనుకున్నవా?"

ఆ గొంతుకు అడవి అంచున చెట్ల మీది కొంగలు లేచిపోయాయి. ముగ్గురం చాచీ వైపు తిరిగాం. చాచీ మఫ్లరు సర్దుకుని, చిన్నగా దగ్గింది.

"ఇప్పుడే వచ్చింది" అంది.

సోని చాచీ చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని, గాజులమ్మేవాళ్లు చూసినట్టు పిడికిలి మెల్లగా ఒత్తి చూసింది.

తలుపు ఇంకా రాలేదు. జంపక్క వారం వారం పోయి గుమస్తాకు ఇనుప గడియను గుర్తు చేసి వస్తోంది. దిమ్మె మాత్రం ఇచ్చారు. మొదటి రోజు మధ్యాహ్నం సోని డబ్బా తెరిచి, ఎవరైనా అడుగుతారేమోనని మూత చేతిలోనే పట్టుకుని కూర్చుంది. జంపక్క అడగలేదు. చెయ్యి పెట్టి ఇంత కూర తీసి నాలుక మీద వేసుకుంది.

"ఇంత ఉప్పేందే? రేపట్నుంచి నా పక్కకు కూసో, వండుడు నేర్పుత."

ఉప్పెక్కువైందని తిడితే అంత సంబరపడ్డ మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

ఇక నా సంగతి. ఒక సాయంత్రం నోరు జారి వైండింగ్ మాట చాచీ ముందు అనేశాను. ఇంకేముంది, గల్లాపెట్టె మోగింది. చాచా సంచీ అందుకున్నాడు.

"నేను మీ అమ్మను. చెప్పు."

చెప్పాను. చాచీ గుండెలు బాదుకుంది. "అయ్యో, నా పరువు తీసినవు కొడకా! నాకు ముఖం చూపియ్యకు! ఇంట్లకు రాకు!"

"మా అమ్మ గట్ల అనదు చాచీ."

"మరేమంటది?"

"ముందు తిన్నవా అంటది. తర్వాత జరసేపు మాట్లాడదు. తర్వాత... కరెంటు పని కద, చెప్పులేసుకొని చెయ్యి అంటది."

చాచీ వేళ్లు గల్లాపెట్టె మీద ఆగాయి. గాజుల దండ ఒకటి తీసి తుడవడం మొదలుపెట్టింది, నా వైపు చూడకుండా.

"నాకు గొంతు నొస్తుంది బేటా" అంది. "మిగిలింది ఇంటికి పోయి నువ్వే చెప్పుకో."