శుక్రుడికి సెలవిచ్చే నాయనమ్మ

ఆకాశంలో శుక్రుడు ఎప్పుడు మునగాలో, ఎప్పుడు తేలాలో నిర్ణయించేది మా నాయనమ్మ రాజకుమారి. నమ్మకపోతే చిక్కడపల్లిలో ఎవరినైనా అడగండి. చంకలో పంచాంగం లేకుండా ఆవిడ పాలప్యాకెట్ కూడా కత్తిరించదు. "గిప్పుడొద్దు, వర్జ్యం" అంటుంది. ఇంటిల్లిపాదీ చాయ్ కోసం నోరు తెరుచుకుని కూర్చుంటాం.

అన్నిటికన్నా పెళ్లిళ్లంటే ఆవిడకు దడ. మా మేడమీద గదుల్లో అశోక్ నగర్ కోచింగులకు పోయే అమ్మాయిలు కిరాయికి ఉండేవాళ్లు. ఎవరికి సంబంధం వచ్చినా నాయనమ్మ పంచాంగం తిప్పి నుదురు కొట్టుకునేది. "అయ్యో, మూఢం! శుక్రుడు కనబడనప్పుడు పెళ్లి మాటెత్తుతరా?" మా ఇంటి లెక్కన ఒక ఏడాది శుక్రుడు పదకొండు నెలలు కనబడలేదు, పాపం.

రెండువేల పన్నెండులో ఒక గురువారం, మేడమీద గదిలో ఉండే రోజా వాళ్ల నాన్న మొగిలయ్య ఊరి నుంచి దిగాడు. ఆదివారం పెళ్లి ఖాయం చేసుకుంటారట, పిల్లను తీసుకుపోతాడట. ఆదివారమే రోజాకు టీచరు ఉద్యోగం పరీక్ష. రెండేళ్ల చదువు. మెట్ల మీద రోజా చున్నీ అంచు నములుతోంది. పక్కన నేను గోళ్లు.

"ఆదివారమా? మూఢం!" అంది నాయనమ్మ.

"మా ఊరి అయ్యగారు మంచిగున్నదన్నడమ్మా."

"ఆయన పంచాంగం మీ ఊరిదాకనే. పిల్ల చిక్కడపల్లిల ఉంటున్నదిగద!"

"అయితే మీది జర చూపియ్యుండ్రి."

నాయనమ్మ పుస్తకాన్ని గుండెకు అదుముకుంది. ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరికి ఇచ్చింది.

ఆదివారం ఉన్న పేజీలో తిథుల మీద రోజా హాల్‌టికెట్ జిరాక్స్ అంటించి ఉంది. మొగిలయ్య పేజీలు తిప్పాడు. ఎక్కడ చూసినా ఎర్ర పెన్నుతో అమ్మాయిల పేర్లు, పరీక్షల టైములు, సెంటరుకు పోయే బస్సు నంబర్లు. ఆవిడ మూఢాలన్నీ అవే.

"గిదేందమ్మా?"

"నా లెక్కల పరీక్ష నాడే మంచి ముహూర్తమని నాకు తాళి కట్టించిండ్రు. అప్పటి సంది మంచి ముహూర్తమంటేనే భయం, మొగిలయ్యా."

ఆయన హాల్‌టికెట్ మీద బిడ్డ ఫోటోను చాలాసేపు చూశాడు. "మరి సోమవారం ఎట్లుంటది?"

"పిల్లనడుగు."

"రిజల్ట్ వచ్చినంక మాట్లాడుదాం బాపూ" అంది రోజా, మెట్ల మీద నుంచి లేవకుండానే.

ఆయన తల గోక్కుని, ఆదివారం పేజీలోని బస్సు నంబరు ఒక చీటీ మీద రాసుకున్నాడు.

సాయంత్రం నేను ఊరుకోలేక అడిగాను. "నానమ్మా, మరి నాకు మంచి రోజెప్పుడు?"

పంచాంగం తెరవనైనా లేదు. "రెండుసార్లు తప్పినవ్. ఇంటర్ పాసయ్యేదాక నీకు మూఢమే, పో!"