బేస్తవారం మాత్రమే వెలిగిన పొయ్యి

1957 జూన్‌లో నాకు గ్రామసేవికగా పోస్టింగు వచ్చింది. కర్నూలు జిల్లాలో, కోయిలకుంట్ల అవతల నల్లరేగడి ఊర్లు. బ్లాకు పేరు, ఊరి పేరు చెప్పను. ఆ మనుషుల పిల్లలు, మనవళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. బ్లాకంటే కొన్ని ఊర్లు కలిపిన ఒక ముక్క. దానికి పైన బి.డి.ఓ. గారు, ఆయన కింద ఆడవాళ్ళ పనులు చూసే ముఖ్యసేవిక, ఆమె కింద నాలాంటి గ్రామసేవికలు ఇద్దరు. మా కింద ఎవరూ లేరు. రెండేళ్ళు ప్రొబేషను, ఆ తర్వాత పని చూసి ఉద్యోగం ఖాయం చేస్తారు. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. మా నాన్న పోయి ఏడాదయింది. రాజంపేట దగ్గర మా ఊర్లో మా అమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు నా ఉద్యోగం మీదే ఉన్నారు.

మొన్న మీరు ఫోనులో అడిగారు గదా పిల్లలూ, కొత్త వంటింట్లో గాజు పలక గ్యాసు పొయ్యి పెట్టించాలా, కరెంటు పొయ్యి పెట్టించాలా, అవ్వా నువ్వు ఉద్యోగమంతా పొయ్యిలే కట్టించావంట గదా అని. కట్టించాను. మీకు జవాబు చెప్పే ముందు, నేను కట్టించిన మొదటి పొయ్యిలు ఏమయ్యాయో చెప్పాలి. ఇప్పుడు ఎక్కువసేపు మాట్లాడితే ఆయాసం వస్తుంది, అందుకే రాసి పంపుతున్నాను.

ఉద్యోగంలో చేరకముందు మాకు ఏడాది ట్రైనింగు. కుట్టు, పిల్లల పెంపకం, కూరగాయల మడి, వీటితో పాటు పొగలేని పొయ్యి కట్టడం. ఎర్రమట్టిలో పొట్టు, పేడ కలిపి, చెక్క అచ్చులో పోసి, పొడుగాటి పెట్టె మాదిరి కడతాం. ముందర కట్టెలు పెట్టే నోరు, పైన కుండలకు రెండు కంతలు, వెనక కాల్చిన మట్టి గొట్టం. పొగ ఆ గొట్టం గుండా మిద్దె పైకి పోతుంది. గొట్టంలో ఒక రేకు ఉంటుంది. దాన్ని తోస్తే మంట తగ్గుతుంది, లాగితే పెరుగుతుంది. ట్రైనింగులో దాని మీద అన్నం, పప్పు వండాం. బాగా ఉడికాయి. పరీక్షలో నాకు మంచి మార్కులు వచ్చాయి.

ఆ ఊర్లో మొదట నా ముఖం చూసి మాట్లాడింది నాగమ్మ. పదునాలుగు మంది తినే రైతు ఇంటికి పెద్దకోడలు. పాతికేళ్ళు కూడా లేవు, అప్పటికే సూదిలో దారం ఎక్కించలేకపోయేది. మిద్దె ఇళ్ళకు పైన గవాక్షి అని చిన్న కంత ఉంటుంది, వంటింటి పొగ అందులోంచి పోవాలి. గాలి ఒప్పుకున్న రోజు పోతుంది. లేని రోజు ఇంట్లోనే తిరుగుతుంది. బ్లాకు డాక్టరు ఆమె కళ్ళు చూసి, పొగకు దూరంగా లేకపోతే చూపు పోతుందని చెప్పాడు. వంట చేసే మనిషి పొగకు ఎక్కడ దూరంగా ఉంటుంది? అందుకని పొయ్యి తనకు కట్టియ్యమని ఆమే వచ్చి అడిగింది.

ఆమె అత్త ఓబుళమ్మ వద్దంది. రెండు నెలలు వద్దంటూనే ఉంది. చివరికి ఒక షరతు పెట్టింది. మేము క్రైస్తవులం, మా మనుషులు ఉండే పేట ఊరి బయట. మట్టిపని చేయడానికి నేను వంటింట్లోకి రావచ్చు. అలికి, ముగ్గేసి, పాలు పొంగించిన తర్వాత మాత్రం గడప దాటకూడదు. నేను ఒప్పుకున్నాను. ఆ తర్వాత పొయ్యి కట్టించుకున్న తక్కిన పదిహేడు ఇళ్ళు కూడా అదే షరతు పెట్టాయి, అక్కడా ఒప్పుకున్నాను. అప్పట్లో అది నాకు వింతగా అనిపించలేదు. పని జరిగితే చాలు అనుకున్నాను.

మా తిరుగుడు ముందుగానే ఖాయమై ఉండేది. నెల మొదట్లో టూరు ప్రోగ్రాం రాసి ముఖ్యసేవిక గారి సంతకం తీసుకోవాలి. ఆ ఊరికి నాకు బేస్తవారం, అంటే మీరు గురువారం అంటారే, అది. బస్సు దిగి రెండు మైళ్ళు నడిచి పోయేదాన్ని. పోయి వసారాలో కూర్చునేదాన్ని, మజ్జిగ ఇచ్చేవాళ్ళు, వేరే లోటాలో. మిద్దె మీద గొట్టంలోంచి పొగ వచ్చేది. లెక్కపెట్టుకుని నెలాఖరు డైరీలో రాసేదాన్ని: కట్టిన పొయ్యిలు పద్దెనిమిది, వాడుకలో ఉన్నవి పద్దెనిమిది.

ఒకసారి చలికాలంలో నాగమ్మ కుంటుతూ వచ్చింది. పాదానికి పసుపు, ఏదో ఆకు పసరు. ఏమయిందంటే "కాలు జారిందిలే" అంది. సరే అనుకున్నాను.

1959 మార్చిలో జిల్లా నుంచి ఒక అధికారి తనిఖీకి వస్తున్నారని తెలిసింది. ఆ ఊరి పొయ్యిలు చూసి బాగున్నాయంటే, అదే అచ్చు బ్లాకులో అన్ని ఊర్లకూ పోతుంది. గొట్టాలకు కుమ్మరులకు చెప్పడానికి కాగితం కూడా సిద్ధంగా ఉంది, సంతకమే తక్కువ. నా ప్రొబేషను ముగియడానికి మూడు నెలలు ఉంది. తనిఖీ బుధవారం. ముందురోజు పోయి పొయ్యిలకు సున్నం కొట్టించమని ముఖ్యసేవిక గారు చెప్పారు.

మంగళవారం పొద్దున నేను పోయేసరికి నాగమ్మ వాళ్ళ వసారాలో ఎవరూ లేరు. గొట్టంలో పొగ లేదు. పొగ దొడ్లోంచి లేస్తోంది. ఇంటి చుట్టూ తిరిగి వెనక్కి పోయి చూస్తే, మూడు రాళ్ళ మీద పెద్ద కుండ. నాగమ్మ పంగల కట్టెతో కుండను అదిమిపట్టి, రెండో చేత్తో తెడ్డు వేసి జొన్న సంగటి కెలుకుతోంది. గాలికి పొగంతా మొహం మీదికే కొడుతోంది. కళ్ళు రెండూ ఎర్రగా ఉన్నాయి.

నన్ను చూసి ఆమె ఉలిక్కిపడింది. "అయ్యో, ఈ పొద్దు మంగళారం గదా సేవికమ్మా! నువ్వొచ్చేది బేస్తారం గదా!"

"ఈడ వండుతాండావేం నాగమ్మా? లోపల పొయ్యి ఏమాయె?"

జవాబు ఓబుళమ్మ చెప్పింది, గంపలో పిడకలు సర్దుతూ. "ఉండాదిలే మ్మే, యాడికి పోతాది? బేస్తారం బేస్తారం దాని మీద అన్నం వండుతాండాం, నీ కోసరం. నీ పొయ్యికి అన్నమైతేనే పడ్తాది. సంగటి అంటే దానికి కోపం. మూతి పగలగొట్టుకుంటాది."

నాగమ్మ తెడ్డు ఆపకుండానే చెప్పింది. "కెలికేటప్పుడు అదిమితే కంత అంచు ఇరిగిపోతాది సేవికమ్మా. ఆ చలి దినాల్లో కుండ ఒరిగి కాలి మీద పడె. కన్ను పోతే పోనీలే అనుకుంటి. కాలు గూడా పోతే పన్లు ఎవురు చేస్తారు?"

"ఇన్ని నెల్లు నాకు చెప్పకపోతిరే."

"ఎట్ల చెప్పేది?" అంది ఓబుళమ్మ. "ఎండలో నడ్సుకుంటా వస్తావు. గొట్టంలో పొగ చూస్తానే నీ మొగం ఇంత అయితాది. పైవోళ్ళు నిన్నేమన్నా అంటే? ఉద్దోగం చేసుకోని ఇంటోళ్ళను సాకే పిల్లవి. ఊర్లో అందరం అనుకుంటిమి, బేస్తారం నాడు అన్నం వండుదామని."

పిల్లలూ, ఆ రోజుల్లో ఆ ఊర్లో వరి అన్నం అంటే పండగకో, చుట్టాలు వస్తేనో. నా కోసం పద్దెనిమిది ఇళ్ళు ప్రతి వారం చేశాయి. నేనేమో దాన్ని వాడుక అని రాసుకున్నాను.

తప్పు ఎవరిదని చాలాసార్లు ఆలోచించాను. ఆ పొయ్యి గీసినవాళ్ళు అన్నం తినేవాళ్ళు. అన్నానికి కుండ పెడితే చాలు, దానంతట అదే ఉడుకుతుంది. సంగటి అట్లా కాదు. ఎసట్లో పిండి వేశాక ఒళ్ళంతా బలం పెట్టి కెలకాలి, లేకపోతే ఉండలు కడుతుంది. పదునాలుగు మంది కుండను నిండుగా కిందికి దించడం ఒక్క ఆడమనిషి వల్ల కాదు కాబట్టి పొయ్యి మీదే కెలుకుతారు. ఆ బలమంతా మట్టి అంచు మీద పడుతుంది. గీసినవాళ్ళకు అది తెలియకపోవచ్చు. నాకు తెలియదా? మా అమ్మ రోజూ అట్లా కెలకడం చూస్తూ పెరిగినదాన్ని. ట్రైనింగు నోటుబుక్కులో రాసుకున్నది మాత్రమే పని అనుకున్నాను.

సాయంత్రం బ్లాకు ఆఫీసుకు పోయి ముఖ్యసేవిక గారితో అంతా చెప్పాను. ఆమె కోప్పడలేదు. ఆమె కూడా చాలా ఊర్లు తిరిగి అలసిన మనిషి. రేపటికి అన్నమే వండమని చెప్పు, ఉద్యోగం ఖాయమయ్యాక నిదానంగా మార్చుకుందాం, మీ అమ్మను తలుచుకో అన్నారు. నా మంచికే అన్నారు.

బుధవారం పొద్దున్నే నాగమ్మ ఇంటికి పోయాను. బడి వసారాలో అందరికీ చూపించడానికి కట్టిన పొయ్యి ఒకటి ఉంది, తనిఖీ అక్కడే. ఈ రోజు అన్నం వద్దు, రోజూ ఎట్లా కెలుకుతావో అట్లే సంగటి కెలుకు అన్నాను.

"మళ్ళా ఒరిగితే?" అంది.

"పక్కనే ఉంటా."

"నువ్వు ముట్టుకుంటే..." అని అత్త వైపు చూసి ఆగిపోయింది.

ఓబుళమ్మ లేచి కొంగు దోపుకుంది. "పద మ్మే. సంగటంటే ఏందో ఆ దొరకు గూడా చూపిద్దాం."

అధికారి కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవారు. బి.డి.ఓ. గారు పొయ్యి గురించి చెబుతుంటే తల ఊపుతూ విన్నారు. ఎసరు మరిగింది. నాగమ్మ పిండి వేసింది. పంగల కట్టె అదిమి తెడ్డు తిప్పడం మొదలుపెట్టింది. పది తిప్పులు కూడా కాలేదు, అంచు టప్పుమని విరిగింది. కుండ ఆమె వైపు ఒరిగింది. నేను కొంగు చేతికి చుట్టుకుని కుండ అంచు పట్టుకున్నాను. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకునేదాకా వదల్లేదు.

కుండ నిలబడింది. ఓబుళమ్మ అంది: "ముట్టుకునె. ఇంగ అది మాకు పనికిరాదు." కోపంగా అనలేదు. రేపు ఎండ కాస్తుంది అన్నట్టు అంది. నాగమ్మ నా అరచేతినే చూస్తోంది. అధికారికి ముందు అర్థం కాలేదు, బి.డి.ఓ. గారు చెవిలో చెప్పారు.

అధికారి నా వైపు తిరిగి, ఎన్ని ఇళ్ళల్లో ఇట్లా విరిగాయని అడిగారు.

తెలియదండి అన్నాను. పొయ్యి వెలిగాక నన్ను ఏ వంటింట్లోకీ రానివ్వలేదు, ఒక్కటి కూడా మండుతుండగా దగ్గర నుంచి చూడలేదు అన్నాను.

మరి డైరీలో పద్దెనిమిది వాడుకలో ఉన్నాయని ఎట్లా రాశావన్నారు.

గొట్టంలో పొగ చూసి రాశానన్నాను.

గొట్టాల కాగితం మీద సంతకం పడలేదు. ఆ సంగటి నేను, జీపు డ్రైవరు తిన్నంత తిన్నాం, మిగిలింది ఎద్దుల కుడితిలో కలిపారు. నెల తిరక్కుండా నాకు మెమో వచ్చింది: చూడకుండా నమోదు చేసినందుకు ప్రొబేషను ఇంకో ఏడాది పొడిగించడమైనది. మెమో సరిగ్గానే ఉంది. నేను సంజాయిషీ ఏమీ రాయలేదు.

తర్వాతి బేస్తవారం నాగమ్మ వసారాలో మన్ను మీద పుల్లతో గీసి చూపించింది. "మూడు రాళ్ళు యాడికీ తీయొద్దు సేవికమ్మా. వాటి చుట్టూనే మట్టి కట్టు. కుండ రాళ్ళ మీద కూచుంటాది, మట్టికి పొగను పట్టుకునే పని ఒగటే." రెండు కంతలు కాదు, ఒకటే, ఎత్తు కాదు, నేలకు తగిలేట్టు. మొదట కట్టింది వెనక్కి పొగ తన్నింది. రెండోది గొట్టం దగ్గర పగిలింది. మూడోది నిలబడింది. నాగమ్మ ఎడమ కన్ను అప్పటికే మబ్బు కమ్మి ఉంది, అది తిరిగి రాలేదు. కుడి కన్ను నిలిచింది.

మూడోది కట్టాక, మండేటప్పుడు చూడనిస్తేనే డైరీలో రాస్తానని ఓబుళమ్మతో చెప్పాను. ఆమె చాలాసేపు ఆలోచించింది. చివరికి దొడ్డి వాకిలి తెరిచి, నన్ను పది అడుగుల దూరంలో నిలబెట్టి, కోడలితో సంగటి కెలికించింది. "కనపడుతాండాదా?" అని రెండుసార్లు అడిగింది. ఆ నెల డైరీలో రాశాను: కట్టినది ఒకటి, దూరం నుంచి చూసినది ఒకటి.

ఇక మీ ప్రశ్న. ఏ పొయ్యి మంచిదని అంగట్లో అడిగితే వాళ్ళ దగ్గరున్నదే చూపిస్తారు. మీ ఇంట్లో రోజూ ఏం వండుతారు, ఎంతమందికి, ఏ గిన్నెలో, వండే మనిషి దాని మీద ఎంత బలం పెడతారు, ఇవి ముందు చూసుకోండి. చుట్టాలు వచ్చిన రోజు వంట లెక్కలోకి తీసుకోవద్దు. ఉద్యోగం వరకు నేను నేర్చుకున్నది ఇంకొకటుంది. మనం కట్టింది పనిచేస్తోందో లేదో కళ్ళతో చూడాలి. చూడనివ్వకపోతే, చూడలేదని రాయాలి.